మా మామ కాళ్ళ మీద బొగ్గు గీత

కూసో బిడ్డా, గిట్ల దగ్గరికొచ్చి సక్కగ కూసో. ఆ ఫోను బోర్ల పెట్టు. చెయ్యి దాని మీద, చెవి నా మీద పెడితె నేను చెప్ప. నడుమ నడుమ అడ్డం రాకు, దారం తెగితె నాకు మళ్ల దొరకది. ఇంకో మాట, నేను మాట్లాడినట్టు రాయకు. నువ్వు బడిల నేర్చుకున్నట్టు రాయి, నలుగురు చదువుకోవాలె. ఆఁ, ఇగ రాయి.

నా చిన్నప్పుడు, నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్నప్పుడు, మా ఇంట్లో ఒక పహిల్వాన్ ఉండేవాడు. మా మేనమామ. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నువ్వు రోజూ పొద్దున లిఫ్టెక్కి పోయి సాయంత్రందాకా కూర్చుంటావే, ఆ అద్దాల బిల్డింగు ఉన్న చోట అప్పుడు మా జొన్నచేను. చేను పక్కన పెద్ద పెద్ద రాతిగుండ్లు, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టు ఉండేవి. ఆ గుండ్లకు ఇవతల మా ఇల్లు. ఇంటి ముందు అరుగు. ఆ అరుగు మీద మా మామ.

కూకట్‌పల్లిలో అప్పుడొక తాలీం ఉండేది. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు, లోపలంతా ఎర్రమట్టి. మామ మీసాలు రాకముందు నుంచే రోజూ తెల్లవారుజామున అక్కడికి నడిచి పోయి, మట్టి తవ్వి, లెక్కలేనన్ని బైఠకులు, అంటే గుంజిళ్ళు, తీసి, ఎండెక్కేసరికి మళ్ళీ నడిచి వచ్చేవాడట. ఒకసారి జాతరలో పేరున్న పహిల్వాన్‌ను వెల్లకిలా పడేసి వెండి కడియం గెలుచుకొచ్చాడు. అప్పటినుంచి ఊళ్ళో మా ఇంటికి పహిల్వాన్ ఇల్లనే పేరు పడింది. మా నాన్న పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. ఆయన దానికేమీ అనుకోలేదు.

పహిల్వాన్‌ను సాకడమంటే మాటలు కాదు. పొద్దున ఒక చెంబు బర్రెపాలు, మాపున ఒక చెంబు. గుప్పెడు నానబెట్టిన బాదాములు, వెన్నముద్ద, అన్నం మీద గరిటెడు నెయ్యి. మాకు మజ్జిగ. ఆ పాలచెంబు మోసేది నేనే. అంచుదాకా ఉన్న చెంబును ఒక్క చుక్క ఒలికించకుండా మామ చేతికి అందించడం నాకు గొప్ప. మామ గటగటా తాగి, మీసం తుడుచుకుని, ఖాళీ చెంబు నా తల మీద టోపీలా బోర్లించేవాడు. "ఏం కోడలా, నువ్వు పడుతవా కుస్తీ?" అనేవాడు.

తర్వాత రోజులు బాగాలేకుండా పోయాయి. నలుగురు మగవాళ్ళు ఒకచోట చేరితే సర్కారు అనుమానంగా చూసే కాలం. తాలీం నడిపే ఉస్తాద్ తలుపుకు తాళం వేశాడు. వేసిన తాళం ఏడాది దాటినా తీయలేదు. మామ ఇంట్లో ఉండిపోయాడు. పహిల్వాన్ నాగలి పట్టకూడదని మా ఇంట్లో ఒక నియమం ఉండేది, చేను పని చేస్తే ఒళ్ళు బిరుసెక్కుతుందట. అందుకని చేనుకూ పోలేదు. పొద్దున లేచి అరుగు మీద కూర్చునేవాడు, పొద్దుగూకితే లేచి లోపలికి వచ్చేవాడు. కుస్తీ ఆగింది కాని చెంబు ఆగలేదు.

మా అమ్మను తప్పు పట్టకు. ఆమె చిన్నతనంలో ఒక కరువు చూసింది. తల్లి చచ్చిపోతే తమ్ముణ్ణి చంకనేసుకుని అడవి గడ్డలు ఉడకబెట్టి తినిపించి బతికించుకుంది. ఆమె కళ్ళకు సన్నగా ఉన్నవాళ్ళంతా ఆకలితో ఉన్నవాళ్ళే. మామ బుగ్గలు నిండుతుంటే, మెడ మీద మడతలు పడుతుంటే, ఆమె ముఖంలో ఒక నెమ్మది కనిపించేది. ఊరివాళ్ళు కూడా మెచ్చుకునేవారు, పహిల్వాన్ మంచిగ ఒళ్ళు చేసిండు, పటేలు లెక్కున్నడు అని. వెండి కడియం ముంజేతికి బిగుసుకుపోయింది. తీయబోతే రాలేదు. అలాగే కండలో దిగబడిపోయింది.

మామ బావిదాకా నడిచి వచ్చి గోడ పట్టుకుని నిలబడేవాడు. మధ్యాహ్నం పడుకుంటే గురక వాకిట్లోకి వినిపించేది. ఆ గురక మధ్యలో ఆగిపోయేది, నేను ఆడుకుంటున్నదాన్ని ఆగి వినేదాన్ని, మళ్ళీ ఒక్కసారిగా మొదలయ్యేది. ఎప్పుడు చూసినా దాహం. కుండలో నీళ్ళు నింపడం, అది ఖాళీ కావడం. దొడ్లో ఆయన మూత్రం పోసే చోట చీమలు బారులు తీరి వచ్చేవి. మా అమ్మ వాటిని చూసి నవ్వేది, "మా తమ్ముని ఒంట్లె ఉన్నదంత తీపే" అని పక్కింటి అక్కకు చెప్పుకునేది. ఇప్పుడు నువ్వు ఈ మాటలు రాస్తూనే తల ఊపుతున్నావు, నీకన్నీ తెలుసు. మాకు తెలియదు బిడ్డా. చీమల్ని చూసి మురిసిపోయిన ఇల్లు మాది.

ఒక చలికాలం పొద్దున వాకిట్లో కుంపటి పెట్టుకుని అందరం చుట్టూ కూర్చున్నాం. మామ జాతర కుస్తీ కథ చెబుతున్నాడు, వందోసారి. నాకు ఏదో కాలిన వాసన వచ్చింది. ఎవరో కోడిని కాలుస్తున్నారనుకున్నాను. కిందికి చూస్తే, కుంపట్లోంచి జారిన నిప్పుక మామ కాలి చిటికెనవేలి కింద, అరికాలి అంచుకు అతుక్కుని ఉంది. పొగ వస్తోంది. మామ కథ చెబుతూనే ఉన్నాడు.

"మామా, కాలు" అన్నాను.

చూసుకున్నాడు. నెమ్మదిగా వేలితో నిప్పుకను తోసేశాడు. ఒక్క క్షణం ఆయన కూడా బిత్తరపోయాడు, అది నేను చూశాను. కాని మా నాన్న అప్పటికే లేచి నిలబడి, "వారీ! నిప్పు మీద కాలున్నా కదలలే! గిది పహిల్వాన్ ఒళ్ళంటె!" అని అరిచాడు. మామ ముఖం వెలిగింది. ఏడాదికి పైగా ఎవరూ ఆయన్ను చూసి అలా అరవలేదు.

మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసింది. జనం వచ్చి చూసిపోయారు. మామ మళ్ళీ పహిల్వానయ్యాడు. పిల్లలు తుమ్మముల్లు తెస్తే, పాదం మీద గుచ్చమని చూపించేవాడు. గుచ్చేవాళ్ళం. నవ్వేవాడు. నేను అందరికంటే ఎక్కువ నవ్వేదాన్ని. మా మామ కదా.

ఆ వారం నాన్నతో కూకట్‌పల్లి అంగడికి పోయినప్పుడు, గాజుల దుకాణం దగ్గర ఉస్తాద్ కనిపించాడు. అరవై దాటిన మనిషి, ఎండుకట్టెలా ఉన్నా నిటారుగా నడిచేవాడు. నేను పరుగెత్తుకుంటూ పోయి మామ గొప్పంతా చెప్పాను. నిప్పుక సంగతీ, ముళ్ళ సంగతీ. నవ్వుతాడని ముఖంలోకి చూశాను. నవ్వలేదు. "చీమలొస్తున్నయా బేటీ, ఆయన పోసిన కాడికి?" అని అడిగాడు. వస్తున్నయి అన్నాను, ఇంకా గొప్పగా.

మర్నాడు ఆయన నడిచి మా ఇంటికి వచ్చాడు. మామను మంచం మీద పడుకోబెట్టి, తన తలగుడ్డ విప్పి మామ కళ్ళకు కట్టాడు. నన్ను పిలిచి, ఆట ఆడుదామన్నాడు. నేను కాలివేళ్ళు ఒక్కొక్కటీ ముట్టుకోవాలి, ఏ వేలో మామ చెప్పాలి. పక్కింటి అక్క, మా అమ్మ, నాన్న అందరూ చుట్టూ చేరారు. నేను వేలు ముట్టుకుని ఏదని అడిగాను. మామ ఏదో ఒకటి చెప్పాడు, తప్పు. మళ్ళీ ముట్టుకున్నాను, మళ్ళీ తప్పు. అందరం నవ్వాం. అప్పుడు ఉస్తాద్ చప్పుడు చేయకుండా నా చేతిలో తుమ్మముల్లు పెట్టి, గుచ్చమని సైగ చేశాడు. బొటనవేలి మీద గుచ్చాను. ఇంకా గట్టిగా అన్నట్టు తల ఊపాడు. గుచ్చాను.

"ఏంది కోడలా, ఇంక ముట్టుకుంటలేవా? నిద్రవోయినవా ఏంది?" అన్నాడు మామ.

ముల్లు చుట్టూ నెత్తురు బొట్టు లేచింది. అందరూ ఇంకా నవ్వుతున్నారు. నేను నవ్వడం ఆగిపోయింది. ఎప్పుడాగిందో నాకు తెలియదు. అన్నిసార్లు గుచ్చినదాన్నే, ఆయన గొప్పకోసం ఓర్చుకుంటున్నాడనుకుని గుచ్చాను. ఓర్చుకోవడం కాదు. ఆ కాలిలో ఎవరూ లేరు.

ఉస్తాద్ పొయ్యిలోంచి ఒక బొగ్గుముక్క తెమ్మన్నాడు. పుల్లతో పాదం నుంచి పైకి కొంచెం కొంచెంగా గుచ్చుకుంటూ వచ్చాడు. పిక్క కిందికి వచ్చేసరికి మామ "అబ్బా!" అన్నాడు. అక్కడ కాలు చుట్టూ బొగ్గుతో గీత గీశాడు. రెండో కాలికీ అంతే. గంతలు విప్పి మామకు చూపించాడు.

"గీ గీత కింద ఉన్నది నీది కాదు బేటా. ఇది పైకెక్కుతది. నా సొంత తమ్మునికి గిట్లనే ఎక్కింది."

తర్వాత ఉస్తాద్ మామ పాదం ఎత్తి, అరికాలు మాకు చూపించాడు. నిప్పుక కాలిన చోట చీము పట్టి నల్లబడి ఉంది. మామ ఆ వారం రోజులూ దాని మీదనే నడిచాడు.

"తాలీంకు తాళం వేసిన దినమే నీ చెంబుకు గూడ వేయాలని చెప్పకపోవుడు నా తప్పు" అన్నాడు ఉస్తాద్. "మట్టిల పడి లేచేటోని తిండి, అరుగు మీద కూసొని తింటె ఏమైతది? పొయ్యి మీద కుండ లేదు, కింద కట్టెలు మాత్రం పెడుతనే ఉన్నరు. దవాఖానకు తోల్కపోండ్రి. లేకుంటె కాలు పోతది, కాలు తర్వాత మనిషి."

మా అమ్మకు కోపం వచ్చింది. అంత కోపం నేను అంతకుముందు చూడలేదు. "నా తమ్ముని బువ్వ మీద కన్ను పడ్డదా ఉస్తాద్ నీకు? నేను గడ్డలు తినిపిచ్చి బతికిచ్చుకున్న. నువ్వొచ్చి చెంబు బంద్ చెయ్యమంటవా?" అంది. ఆయన లేచి తలగుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన గడప దాటగానే అమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి మామకు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఇల్లంతా ఘాటు పొగ, కోరు, వచ్చి దగ్గాం. మామ కూడా దగ్గాడు. కాళ్ళ మీది గీతలను చూసుకుంటూ దగ్గాడు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చున్నాం. మామ పక్కన నేను. మన ఇళ్ళల్లో వడ్డనలో ఒక పద్ధతి ఉంది, నీకూ తెలుసు. తినేవాడు చాలు అంటాడు, వడ్డించేవాళ్ళు వినరు. పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే పోస్తారు. అది ప్రేమ. చాలు అంటే ఇంకొంచెం అని అర్థం. మామ రోజూ చాలనే అనేవాడు, రోజూ చెయ్యి అడ్డం పెట్టేవాడు. మేం రోజూ నవ్వేవాళ్ళం.

అమ్మ అప్పుడే కాచిన నెయ్యి గరిటెతో వచ్చింది. మామ "చాలక్కా" అని పళ్ళెం మీద చెయ్యి పెట్టాడు.

"చాలంటె చాలైతదా? వాడెవడో వచ్చి గీతలు గీసిపోతె నువ్వు తినుడు బంద్ చేస్తవా?" అంది అమ్మ. గరిటె వంచింది.

ఎందుకు పెట్టానో నాకు ఇప్పటికీ తెలియదు. నా చెయ్యి తీసి మామ చేతి మీద పెట్టాను. నెయ్యి నా చేతి మీద పడింది.

నేను అరిచిన అరుపుకు బర్రె తాడు తెంపుకుందట, పక్కింటి అక్క తర్వాత చెప్పింది. అమ్మ గరిటె వదిలేసింది. నా చెయ్యి పట్టుకుని నీళ్ళ కుండలో ముంచి, ఏం చేసినవే, ఏం చేసినవే అని అదే మాట అంటోంది. మామ కదలకుండా కూర్చున్నాడు. ఆయన పళ్ళెంలో అన్నం అలాగే ఉంది.

"పోరి ఒక్కసారి అరిస్తె ఇనవడ్డదక్కా నీకు" అన్నాడు, చాలా నెమ్మదిగా. "నేను రోజు చాలంటున్న. మస్తు దినాల సంది అంటున్న. మర్యాదకంటున్న అనుకున్నవు. నాకు ఊపిరాడుతలేదక్కా. నువ్వు బాధవడుతవని తింటున్న."

అమ్మ నా చెయ్యిని కుండలోనే పట్టుకుని కూర్చుంది. కుంపటి బూడిద వాసన, మిరపకాయల కోరు, నెయ్యి వాసన. నాకవే గుర్తున్నాయి. ఆ సాయంత్రం నేను చెంబు మోయలేదు. మోయమని ఎవరూ అడగలేదు.

మర్నాడు ఎడ్లబండి కట్టి పట్నం దవాఖానకు తీసుకుపోయారు. నా చేతికి కట్టు కట్టించాలని నన్నూ బండెక్కించారు. డాక్టరు మామ ఏమేం తింటాడని అడిగాడు. మా అమ్మ అలవాటు కొద్దీ గొప్పగా చెప్పడం మొదలుపెట్టింది. పాలు, వెన్న, బాదాములు... డాక్టరు రాస్తున్న కలం కింద పెట్టాడు. అమ్మ గొంతు సన్నబడి, మధ్యలోనే ఆగిపోయింది. చక్కెర బీమారి అన్నాడు ఆయన. ఒంటి బరువు, కదలకపోవడం, తిండి, మూడూ కలిసి తెచ్చాయన్నాడు. గుండె కూడా అలిసిపోయి ఉందన్నాడు. రెండు వేళ్ళు తీసేశారు. పాదం మిగిలింది. ముంజేతి కడియాన్ని కోసి తీశారు. కింద చర్మం తెల్లగా, చంటిపిల్లల చర్మంలా ఉంది.

తర్వాత మా ఇంట్లో జొన్నరొట్టె, ఆకుకూర, పలచని మజ్జిగ. మామకు ఒక్కడికే వేరుగా పెడితే ఎలాగని అమ్మ అందరికీ అదే చేసింది. మామ పొద్దున గుండ్లదాకా నడిచి వచ్చేవాడు, మొదట్లో నాన్న భుజం పట్టుకుని, తర్వాత కర్రతో, తర్వాత ఊరికే. చెప్పులు లేకుండా అడుగు తీసి అడుగు వేయకూడదు. రాత్రి పడుకునే ముందు ఆయన అరికాళ్ళు చూడడం నా పని అయింది. చెంబుకు బదులు అది. ఉస్తాద్ నెలకోసారి వచ్చి బొగ్గుతో గీత గీసేవాడు. అమ్మ ఆయనకు జొన్నరొట్టె పెట్టేది. ఆయన చాలు అంటే, గిన్నె వెనక్కి తీసుకునేది.

గీత పైకెక్కలేదు. కిందికీ దిగలేదు. మా అమ్మ చాలా ఏళ్ళు ఎదురుచూసింది, ఒక్క వేలెడు దిగుతుందేమోనని. దిగలేదు. అంతవరకే చెబుతాను, కట్టుకథలా చెప్పను.

నా పెళ్ళయ్యాక రెండో ఏడు మామ పోయాడు. పొద్దున గుండ్లదాకా నడిచి వచ్చి, అరుగు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయాడు. సన్నగా ఉన్నాడు అప్పటికి. గుండె పాత అలసట మరిచిపోలేదన్నారు. నేను అత్తగారింటి నుంచి వచ్చేసరికి మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. అందరూ ఏడుస్తున్నారు. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అలవాటుగా అరికాళ్ళు చూశాను, పుండ్లేమీ లేవు. పిక్క కింద పాత బొగ్గు గీత సగం చెరిగి ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఏదీ రాలేదు. నన్ను నేను గిచ్చుకున్నాను, తెలిసింది, కాని దూరంగా, ఎవరినో గిచ్చినట్టు. ఆ గీత ఎక్కి ఎక్కి నాలోకి వచ్చిందేమో అనుకున్నాను. మా అమ్మ ఆ రోజు మధ్యాహ్నం అలవాటు మీద మామకూ పళ్ళెం పెట్టింది. పెట్టి, చూసుకుని, తీసేసింది.

ఇదిగో, నా కుడిచెయ్యి చూడు. బొటనవేలి కింద, ముడతల్లో కలిసిపోయింది కాని మచ్చ ఉంది. గిచ్చు. పర్వాలేదు, గట్టిగా గిచ్చు. అక్కడ నాకు తెలియదు. ఆ నెయ్యి పడ్డనాటి నుంచి అంతే.

ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, నా వడ్డన చూసి మీ తాత వైపు వాళ్ళు నన్ను పిసినారి అన్నారు. కొసరి పెట్టదు, ఒక్కసారి చాలంటే గరిటె ఆపేస్తుంది, వచ్చినవాళ్ళు సగం కడుపుతో లేస్తారు అన్నారు. అననీ. ఎవరైనా పళ్ళెం మీద చెయ్యి పెడితే నా చెయ్యి ఆగిపోతుంది, నేను ఆపనక్కరలేదు. నువ్వు కూడా పన్నెండు గంటలు ఆ కుర్చీలో కూర్చుని, డబ్బాల్లో తెప్పించుకుని తిని, మెట్లెక్కితే ఆయాసమని నవ్వుతావు. నేనేమీ అనను. కాని నీ కాళ్ళు మొద్దుబారినట్టున్నాయని మొన్న అన్నావు చూడు, అందుకే ఇదంతా ఇవ్వాళ రాయిస్తున్నాను. రేపు దవాఖానకు పోయి నెత్తురు చూపించుకో. నేనూ వస్తాను. అప్పటినుంచి నేను మోసేది ఇదొక్కటే బిడ్డా, మనిషి నెమ్మదిగా చెప్పినప్పుడే...

"అత్తమ్మా! బువ్వ పెట్టిన, రాండ్రి! చల్లారుతది!"

వస్తున్ననే! మీ అమ్మ ఇయ్యాల మళ్ల రెండు గరిటెలు ఎక్కువనే పెట్టి ఉంటది. పట్టు, నా చెయ్యి పట్టి లేపు. నువ్వు గూడ రా. పళ్ళెం మీద చెయ్యి పెట్టి చాలని చెప్పు, నేను నీ పక్కన్నే కూసుంట. మీ అమ్మ ఇనకపోతె, నీ చెయ్యి మీద నా చెయ్యి...

"అత్తమ్మా!"

ఆఁ, వస్తున్న, వస్తున్న. రాసినవా? నీ చెయ్యి మీద